నూరు అబద్ధాలు, ఒక్క బుచ్చమ్మ

పెళ్లి కోసం ఆడే అబద్ధం అబద్ధమే కాదని మనవాళ్ల నమ్మకం. ఆ నమ్మకానికి 1892లోనే విజయనగరం రంగస్థలం మీద పరీక్ష పెట్టిన నాటకం ‘కన్యాశుల్కం’. అబద్ధం ఎవరాడారన్న దానికన్నా, దాని ఖరీదు ఎవరు కట్టారన్నదే అందులోని అసలు ప్రశ్న.

నూరు అబద్ధాలాడి అయినా ఒక పెళ్లి చేయమన్నారు పెద్దలు. పెళ్లిళ్ల పేరయ్యలకు ఇంతకు మించిన లైసెన్సు అక్కర్లేదు. దీనికి పురాణాల మద్దతు కూడా ఉంది. వామనుడికి మూడడుగుల నేల ఇస్తానని మాటిచ్చిన బలి చక్రవర్తిని ఆపడానికి శుక్రాచార్యుడు కొన్ని మినహాయింపులు చెబుతాడు. ఫలానా సందర్భాల్లో బొంకితే పాపం లేదంటాడు. ఆ జాబితాలో ఆడవాళ్ల విషయం, పెళ్లి విషయం ముందు వరుసలోనే ఉంటాయి. పోతన భాగవతంలోని ఆ పద్యం తెలుగువాళ్లలో చాలామందికి కంఠతా వచ్చు. బలి ఆ సలహాను తోసిపుచ్చాడన్న సంగతి మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు.

గురజాడ అప్పారావు (1862-1915) రాసిన ‘కన్యాశుల్కం’ మీద ఇప్పటికే బోలెడంత చర్చ జరిగింది. అది సంఘ సంస్కరణ నాటకమా కాదా, అందులో నాయకుడెవరు, మధురవాణి గొప్పదా గిరీశం గొప్పవాడా అన్న వాదాలు ఇంకా తెగలేదు. వాటన్నిటినీ కాసేపు పక్కన పెట్టి నాటకాన్ని ఒకే కోణంలో చూస్తే ఆసక్తికరమైన విషయం బయటపడుతుంది. పెళ్లి చేసుకుంటానని, చేయిస్తానని అందులో నోరు విప్పిన ప్రతి మగవాడూ అబద్ధం ఆడతాడు, లేదా అబద్ధం మీద బతుకుతాడు. అన్ని అబద్ధాలకూ రచయిత ఒకే శిక్ష వేయడు. కొన్నిటిని చూసి నవ్వుతాడు, కొన్నిటిని కాపాడతాడు, ఒకదాన్ని మాత్రం చివరి నిమిషంలో పట్టుకుని నిలదీస్తాడు. ఆ తేడాకు ఆయన పెట్టుకున్న కొలమానం ఏమిటి?

పసిపిల్లల సంత

కట్నం ఇచ్చి వరుణ్ని తెచ్చుకునే ఈ తరానికి కన్యాశుల్కం విడ్డూరంగా అనిపించవచ్చు. అప్పట్లో డబ్బు వెళ్లే దారి వేరు. వరుడు డబ్బిచ్చేవాడు, పిల్ల తండ్రి పుచ్చుకునేవాడు. ముసలివాడైన కొద్దీ వరుడు ఎక్కువ ఇవ్వాల్సి వచ్చేది. కొన్నాళ్లకు అతను కన్నుమూస్తే పిల్ల జీవితాంతం వితంతువుగా పుట్టింట్లో పడి ఉండేది.

ఇది కల్పన కాదు. విశాఖపట్నం జిల్లాలోని బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ల కాలంలో జరిగిన ఇలాంటి పెళ్లిళ్ల జాబితాను విజయనగరం మహారాజు ఆనంద గజపతి తయారు చేయించారు. 1897లో తొలిసారి అచ్చయిన నాటకానికి రాసిన ఇంగ్లీషు ముందుమాటలో గురజాడ ఆ అంకెలు ఇచ్చారు. నమోదైన పెళ్లిళ్లు 1,034. అందులో 99 మంది పెళ్లికూతుళ్లకు అయిదేళ్లు. 44 మందికి నాలుగు, 36 మందికి మూడు, ఆరుగురికి రెండు. ముగ్గురికి ఏడాది వయసు. ఆ ఏడాది పిల్లల ధర తలకు రూ. 350 నుంచి రూ. 400. అంటే అయిదేళ్లు, అంతకంటే తక్కువ వయసున్నవాళ్లే 188 మంది. డబ్బు పుచ్చుకున్నామని ఒప్పుకోవడానికి ఎవరూ ఇష్టపడరు కాబట్టి ఈ లెక్క పూర్తిది కాదని కూడా గురజాడ గుర్తుచేశారు. సంత జరిగిన మాట నిజం, కానీ బేరం చేశామని ఒప్పుకునేవాళ్లు లేరు. ఈ ఆచారాన్ని ఆపడానికి మహారాజు మద్రాసు శాసనసభలో బిల్లు పెట్టినా అది చట్టం కాలేదు.

నాటకంలోని హాస్యమంతా ఈ నేల మీదే మొలిచింది. అందుకే అక్కడ అబద్ధం పండితే నవ్వొస్తుంది, నవ్వు ఆగాక గొంతులో ఏదో అడ్డం పడుతుంది.

వరుల వరుస

మొదటి వరుడు లుబ్ధావధాన్లు. పేరులోనే పిసినారితనం ఉంది. రామచంద్రపురంలో వితంతువైన కూతురు మీనాక్షిని ఇంట్లో పెట్టుకుని, కాటికి కాళ్లు చాపుకున్న వయసులో కృష్ణరాయపురం అగ్రహారానికి చెందిన అగ్నిహోత్రావధాన్ల చిన్న కూతురు సుబ్బిని కొనుక్కోవడానికి సిద్ధపడతాడు. ఆయన ఇతరులను పెద్దగా మోసం చేయడు. చవగ్గా వస్తుందనుకున్న సరుకు దగ్గర తనను తానే మోసం చేసుకుంటాడు.

రెండోవాడు రామప్ప పంతులు. వ్యాజ్యాలు, దొంగ కాగితాలు, పెళ్లి మధ్యవర్తిత్వం ఆయన వృత్తులు. పెళ్లాడతానని మీనాక్షిని నమ్మించి వాడుకుంటున్న మనిషి ఇతనే. ఆ మాట నిలబెట్టుకునే ఉద్దేశం అతనికి ఏ రోజూ లేదు.

మూడోవాడు గిరీశం. విజయనగరంలో అప్పులు చేసి, పూటకూళ్లమ్మ డబ్బుతో వేశ్య మధురవాణి దగ్గర షోకులు పోయి, అక్కడ నిలవలేని పరిస్థితి రాగానే శిష్యుడు వెంకటేశాన్ని వెంటబెట్టుకుని సెలవులకు అగ్నిహోత్రావధాన్ల ఇంట్లో దిగుతాడు. పరీక్ష తప్పిన కుర్రాణ్ని ప్యాసయ్యాడని చెబుతాడు. గురుశిష్యులిద్దరూ చిన్నపిల్లల ఇంగ్లీషు గేయాన్ని, నోటికొచ్చిన మాటలను సంభాషణలా అప్పజెబుతుంటే తల్లి వెంకమ్మ మురిసిపోతుంది. ఆ ఇంట్లో సుబ్బి అక్క బుచ్చమ్మ ఉంది. ముసలివాడికి అమ్ముడుపోయి, వితంతువై, తిరిగి వచ్చిన పిల్ల. ఆమె మొగుడి భూముల కోసం తండ్రి కోర్టులో వ్యాజ్యం నడుపుతుంటాడు. గిరీశం చూపు బుచ్చమ్మ మీద పడుతుంది.

వీళ్లందరి మధ్య అసలు పెళ్లికూతురే ఒక అబద్ధం. సుబ్బి పెళ్లి ఆగకపోతే చస్తానని వెంకమ్మ నూతిలో దూకబోతుంది. ఆమె తమ్ముడు కరటకశాస్త్రి నాటకాల్లో విదూషకుడు. తన శిష్యుడు మహేశానికి ఆడవేషం కట్టి, తాను గుంటూరు శాస్త్రినని చెప్పుకుని, లుబ్ధావధాన్లకు తక్కువ ధరకు ‘పిల్ల’ను అమ్మజూపుతాడు. కక్కుర్తిపడిన వరుడు గాలంలో చిక్కుతాడు. తాళి కట్టించుకున్న పెళ్లికూతురు కాస్తా ఆ తర్వాత మాయమైపోతుంది.

గురజాడ కొలమానం తొలిసారి కనిపించేది ఇక్కడే. కరటకశాస్త్రి ఆడింది చిన్న అబద్ధం కాదు. మంత్రాలు, ముహూర్తం, ఊరి పెద్దలు అందరూ సాక్షులుగా నడిచిన మోసం. అయినా ప్రేక్షకుడు అతని పక్షమే. కారణం, ఆ అబద్ధం ఒక పసిపిల్లను తప్పించింది. సంత మొత్తం బూటకమైనప్పుడు దాన్ని మరో బూటకంతో చెడగొడితే నేరమా అని నాటకం అడుగుతుంది.

అయితే ఆ అబద్ధాన్ని కూడా రచయిత ఉచితంగా వదిలిపెట్టడు. పెళ్లికూతురు మాయమైతే మొగుడి మీద అనుమానం వస్తుంది. లుబ్ధావధాన్ల మీద హత్యానేరం పడుతుంది. ఆయన దురాశాపరుడే, హంతకుడు మాత్రం కాదు. మంచి కోసం ఆడిన అబద్ధం కూడా ఎవరో ఒకరి మెడకు చుట్టుకుంటుంది. విప్పాల్సిన వేళకు విప్పకపోతే అదీ పాపమే అవుతుంది.

నిజమైన మాటలతో అబద్ధం

కరటకశాస్త్రి అబద్ధంలో ప్రతి మాటా అబద్ధమే. గిరీశం అలా చేయడు. అతని చేతిలో ఉన్నవన్నీ నిజాలే. వితంతువులు మళ్లీ పెళ్లి చేసుకోవడానికి 1856లోనే చట్టం ఒప్పుకుంది. 1881లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించారు. పసితనంలో పెళ్లి చేసి, ఆ తర్వాత ఆ పిల్లకు జీవితమే లేకుండా చేయడం అన్యాయమన్న వాదంలో తప్పేముంది? ఆ వాదం బుచ్చమ్మకు అవసరం కూడా. ఆమె కోసం అలా మాట్లాడిన మగవాడు అంతకుముందు ఎవరూ లేరు.

గిరీశం ప్రమాదకరమైన పాత్ర కావడానికి కారణం ఇదే. మాట సత్యం, మనిషి అసత్యం. చెల్లెలి పెళ్లికి ఇల్లంతా బయల్దేరిన హడావిడిలో అతను బుచ్చమ్మను లేవదీసుకుపోతాడు. తర్వాత విశాఖపట్నంలో పేరున్న వకీలు, నిజాయతీపరుడు సౌజన్యారావు పంతులు దగ్గర సంస్కర్త వేషం కడతాడు. తన గతం దాచిపెట్టి, ఒక వితంతువును ఉద్ధరిస్తున్న ఆదర్శ యువకుడిగా నిలబడతాడు. సంస్కరణ అనే మంచి నాణేన్ని తన సొంత బేరంలో మార్చుకోవడం అతని పద్ధతి. ఆ మోసం బయటపడితే నష్టపోయేది ఒక్క బుచ్చమ్మ కాదు, ఆ తర్వాత నిజంగా వితంతు వివాహం చేసుకునేందుకు ముందుకొచ్చే ప్రతి యువకుడూ అనుమానాలు మోయాలి.

జనానికి మాత్రం గిరీశం అంటే ముద్దు. తెలుగులో ఆ పేరు ఒక నామవాచకంగా స్థిరపడిపోయింది. మాటకారి, టోపీ పెట్టేవాడు, పైగా నవ్వించేవాడు ఎక్కడ కనబడినా గిరీశమే. 1955లో పి. పుల్లయ్య దర్శకత్వంలో నాటకం సినిమాగా వచ్చినప్పుడు ఆ పాత్ర ఎన్.టి. రామారావుకు, మధురవాణి పాత్ర సావిత్రికి దక్కాయి.

అబద్ధం నిజమైపోయే చోట

తమాషా ఏమిటంటే అదే 1955లో అదే జంట మరో అబద్ధాన్ని తెరకెక్కించింది. ఎల్.వి. ప్రసాద్ తీసిన ‘మిస్సమ్మ’లో ఇద్దరు నిరుద్యోగులు టీచరు ఉద్యోగాల కోసం మొగుడూ పెళ్లాలమని చెప్పుకుంటారు. ఉద్యోగ ప్రకటన దంపతులే కావాలంది మరి. ఆ అబద్ధం ఎవరినీ ముంచదు. అనేక అపార్థాల తర్వాత ఆ ఇద్దరూ నిజంగానే దంపతులవుతారు. అంతేకాదు, క్రైస్తవ యువతిగా పెరిగిన మేరీ ఆ ఇంటివాళ్లు ఎప్పుడో పోగొట్టుకున్న పిల్లేనని తేలుతుంది. ఆడిన అబద్ధం ఆఖరికి నిజమైపోతుంది.

పెళ్లి చుట్టూ అల్లిన ప్రహసనాలకు ప్రపంచమంతటా ఇదే సూత్రం. షెరిడన్ రాసిన ‘ది రైవల్స్’ (1775)లో డబ్బున్న కెప్టెన్ అబ్సొల్యూట్ పేద సైనికాధికారి బెవర్లీగా నటిస్తూ లిడియా మనసు దోచుకుంటాడు. పేదవాడితో లేచిపోవాలన్నది ఆమె నవలల మోజు. ఆస్కార్ వైల్డ్ ‘ది ఇంపార్టెన్స్ ఆఫ్ బీయింగ్ ఎర్నెస్ట్’ 1895 ఫిబ్రవరి 14న లండన్‌లో రంగమెక్కింది. అందులో ఇద్దరు యువకులు ఎర్నెస్ట్ అనే లేని మనిషి పేరు వాడుకుని ప్రేమాయణం నడుపుతారు. నిజాయతీ అన్న మాట ధ్వనించే ఆ పేరున్నవాడినే పెళ్లాడతామని ఆడపిల్లల పట్టు. చివరికి ఇద్దరిలో ఒకడి అసలు పేరు నిజంగానే ఎర్నెస్ట్ అని తెలిసి, ఇంతకాలం తెలియకుండా నిజమే చెప్పానా అని ఆశ్చర్యపోతాడు. లండన్‌లో వరుడి అబద్ధానికి పడే శిక్ష మహా అయితే కాసేపు సిగ్గుపడటం.

లండన్‌లో వైల్డ్ నాటకం రావడానికి మూడేళ్ల ముందే ‘కన్యాశుల్కం’ ప్రదర్శన జరిగింది. ఆ సుఖాంతాన్ని గురజాడ ఎందుకు ఒప్పుకోలేదో ఊహించడం కష్టం కాదు. లిడియాకు ఆస్తి ఉంది, వైల్డ్ కథానాయికలకు పెద్దింటి అండ ఉంది. ప్రియుడు అబద్ధాలకోరని తేలితే వాళ్లు కోపగించుకుని మరొకరిని చూసుకోగలరు. బుచ్చమ్మకు ఆ సౌకర్యం లేదు. ఇల్లు దాటిన వితంతువుకు తిరిగి వెళ్లడానికి ఇల్లే ఉండదు. నష్టాన్ని తట్టుకునే శక్తి ఉన్నచోట మోసం వినోదం అవుతుంది, ఆ శక్తి లేనిచోట అదే మోసం విషాదం అవుతుంది.

ధర దాచుకోని మనిషి

నాటకం పేరు ఆడపిల్ల ధర. పాత్రలన్నీ ఆ ధరను శాస్త్రం, సంప్రదాయం, కుటుంబ గౌరవం, సంస్కరణ అనే గుడ్డల్లో చుట్టి దాస్తాయి. తన వెల ఇదని బాహాటంగా చెప్పేది ఒక్క మధురవాణి మాత్రమే. వేశ్యకు పెళ్లి సంతలో చోటు లేదు కాబట్టి దాని అబద్ధాలతో ఆమెకు పని లేదు. 1897 ప్రతిలో పరిమితంగా ఉన్న ఈ పాత్రను 1909 నాటి మలి కూర్పులో గురజాడ బాగా పెంచి, నాటకం పగ్గాలు ఆమె చేతికిచ్చారు.

అలాగని ఆమె అబద్ధం ఆడదనుకుంటే పొరపాటు. గిరీశాన్ని విడిచిపెట్టి రామప్ప పంతులుతో రామచంద్రపురం వచ్చిన మధురవాణి, కరటకశాస్త్రి వేషాన్ని గుర్తుపట్టినా బయటపెట్టదు, పైగా సాయం చేస్తుంది. ఆ అబద్ధం ఒక పిల్లను కాపాడుతోంది కాబట్టి. అదే అబద్ధం లుబ్ధావధాన్లను జైలు దాకా తీసుకెళ్లేసరికి ఆమె మగవేషం వేసుకుని మరీ సౌజన్యారావు ఇంటికి వెళ్తుంది. పెళ్లికూతురు ఆడపిల్లే కాదన్న నిజం చెబుతుంది. వేశ్య ముఖం చూడనని వ్రతం పట్టిన పెద్దమనిషి అంతసేపూ వేశ్యతోనే మాట్లాడతాడు. వేషం తీసేశాక ఆయన నియమాన్ని కదిలించే దాకా వెళ్లి, తన పంతం నెగ్గే క్షణంలో ఆమే వెనక్కి తగ్గుతుంది. చెడనివాళ్లను చెడగొట్టకూడదన్నది ఆమెకు తల్లి నేర్పిన నీతి. ఆ తర్వాత గిరీశంతో తన పాత పరిచయం బయటపెడుతుంది. సంస్కర్త ముసుగు జారిపోతుంది.

వేషం వేసినంత మాత్రాన అబద్ధం కాదు, వేషం తీసినంత మాత్రాన నిజమూ కాదు. మహేశానిది, మధురవాణిది మారువేషం. గిరీశానిది సొంత ముఖమే. ఆ ముగ్గురిలో మోసగాడు ఎవరో ప్రేక్షకుడికి చెప్పనక్కర్లేదు. ఎవరి అవసరం కోసం ఆడావు, బయటపడితే ఎవరు మునుగుతారు? గురజాడ కొలమానం ఈ రెండు ప్రశ్నలే.

ఆమెను ఎవరడిగారు?

ముగింపులో సౌజన్యారావు తీర్పు చెబుతాడు. బుచ్చమ్మ పూనాలోని వితంతు శరణాలయానికి వెళ్లి చదువుకోవాలి, గిరీశం కూడా వెళ్లి బుద్ధిగా చదువుకోవాలి. కథ తిరగబడిందని విసుక్కుంటూ గిరీశం నిష్క్రమిస్తాడు. తెర పడుతుంది. ఆ పూనా ప్రస్తావన గాలిలోంచి పుట్టలేదు. పండిత రమాబాయి శారదా సదన్ 1890లో పుణెకు తరలింది. ధోండో కేశవ్ కర్వే 1896లో అక్కడే వితంతువుల ఆశ్రమం స్థాపించారు. అంటే బుచ్చమ్మకు గిరీశం కాని దారి ఒకటి ఆనాటి దేశంలో నిజంగానే ఉంది.

తీర్పు న్యాయమైనదే. అయితే దాన్ని ఖాయం చేసిన ఆ గదిలో బుచ్చమ్మ లేదు. గిరీశం ఎలాంటివాడో సౌజన్యారావుకు తెలిసింది, మధురవాణికి ముందే తెలుసు, ప్రేక్షకులందరికీ మొదటి అంకం నుంచీ తెలుసు. తెలియాల్సిన ఒక్క మనిషికే ఆఖరున తెలుస్తుంది. ముసలివాడికి అమ్మినప్పుడు తండ్రి ఆమెను అడగలేదు. ఇంటినుంచి తీసుకెళ్లినప్పుడు గిరీశం అడిగాడు గానీ అడిగింది అబద్ధం. ఇప్పుడు కాపాడుతున్న పెద్దమనుషులు ఆమె మాట వినకముందే దారి తేల్చేశారు. మోసపోయిన మనిషికి నిజం చెప్పకుండా ఆమె తరఫున నిజాన్ని గెలిపించడం సగం న్యాయమే. నాటకం చూసి నవ్వుకుంటూ ఇంటికెళ్లిన వాణ్ని ఆ రాత్రి నిద్రపోనివ్వనిది మిగతా సగం.

పాత సంత, కొత్త దుకాణాలు

బేరం దిశ మారింది. శుల్కం పోయి కట్నం వచ్చింది. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం రెండు వైపులా ఇచ్చిపుచ్చుకోవడాన్ని నేరమంది. దాంతో డబ్బు లాంఛనాలు, కానుకలు అన్న పేర్లు తగిలించుకుంది. పేరయ్య స్థానంలోకి వెబ్‌సైట్లు వచ్చాయి. వాటిలో మోసాలపై ఫిర్యాదులు పెరగడంతో 2016లో కేంద్రం మార్గదర్శకాలు జారీ చేసి, సభ్యుల గుర్తింపు పత్రాలను సరిచూడాలని చెప్పింది.

వరుడి అబద్ధం ఇప్పుడు చట్టం దృష్టిలోనూ పడింది. హిందూ వివాహ చట్టం (1955)లోని 12వ సెక్షన్ ప్రకారం మోసంతో సమ్మతి రాబడితే పెళ్లిని రద్దు చేయమని కోరవచ్చు. 1976 సవరణతో అవతలి వ్యక్తికి సంబంధించిన ముఖ్యమైన వాస్తవాన్ని దాచడం కూడా ఆ మోసం కిందికి వచ్చింది. మోసం బయటపడిన ఏడాదిలోగా కోర్టుకు వెళ్లాలి. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 69వ సెక్షన్ ఇంకో అడుగు వేసింది. నిలబెట్టుకునే ఉద్దేశం లేకుండా పెళ్లి చేసుకుంటానని నమ్మించి లైంగిక సంబంధం పెట్టుకుంటే పదేళ్ల దాకా జైలు. గుర్తింపు దాచి పెళ్లాడటమూ ఇందులో మోసమే. రామప్ప పంతులు ఈ రోజుల్లో ఉంటే మీనాక్షి విషయంలో వకీలును వెతుక్కోవాల్సి వచ్చేది.

కానీ 1,034 పెళ్లిళ్ల జాబితాలోని అసలు అబద్ధం ఇంకా బతికే ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం దేశంలో 20-24 ఏళ్ల మహిళల్లో 23.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. గురజాడ పుట్టిన ఆంధ్రప్రదేశ్‌లో అది 29.3 శాతం, దేశ సగటు కన్నా ఎక్కువ. అలాంటి పెళ్లికి వచ్చి అక్షింతలు వేసినవాళ్లలో పిల్ల వయసు తెలియనివాళ్లు ఎందరుంటారు? తెలిసీ ఊరుకోవడానికి నూరు అబద్ధాలు అక్కర్లేదు, ఒక్క మౌనం చాలు.

వరుడి జీతం రెండింతలు చేసి చెప్పడం, విదేశంలో ఉద్యోగం ఊడిన సంగతి దాచడం, మొదటి పెళ్లి ముచ్చట మింగేయడం, అమ్మాయి వయసును మార్చడం - వీటన్నిటికీ సామెత ఒకే అనుమతి ఇస్తుంది. గురజాడ ఇవ్వలేదు. సామెత అబద్ధాలను నూరు దాకా లెక్కపెట్టి ఆపేసింది. ఆయన ఆ తర్వాతి లెక్క కూడా వేశారు. ఆ నూరింటి ఖరీదు చివరికి ఏ పిల్ల పేరున రాశారో చూశారు. పెళ్లిచూపుల్లో కాఫీ కప్పులు ఖాళీ అయ్యేలోగా అమ్మాయి తరఫు వాళ్లు అడగాల్సింది కూడా అదే: ఇందులో ఏదైనా అబద్ధమని రేపు తేలితే తిరిగి రావడానికి మా పిల్లకు ఇల్లుందా?